జీఎఫ్ఎక్స్9000 కార్డు: ఎమ్మెస్సెక్స్‌లో బొమ్మలు కదలాలంటే

యమహా వి9990 చిప్, 512 కేబీ వీడియో మెమరీ. 1980ల నాటి హోమ్ కంప్యూటర్ ఎమ్మెస్సెక్స్‌కు ఇంతకన్నా మంచి గ్రాఫిక్స్ కార్డు దొరకడం కష్టం. యానిమేషన్ దగ్గర ఇబ్బంది కార్డుది కాదు, ఆ కంప్యూటర్‌లోని 3.58 మెగాహెర్ట్జ్ జెడ్80 ప్రాసెసర్‌ది. 256×212 సైజు, 256 రంగుల ఫ్రేముకు 54,272 బైట్లు. ఓటీఐఆర్‌తో (బైట్ల వరసను తనంతట తానే పంపే జెడ్80 ఆదేశం) పంపితే బైటుకు 23 సైకిళ్లు, అంటే ఒక్క ఫ్రేముకే 0.35 సెకను. ఓయూటీఐలు (ఒక్కో బైటు పంపే ఆదేశాలు) వరసగా పేర్చి రాస్తే 18 సైకిళ్లే, అయినా సెకనుకు నాలుగు ఫ్రేములు దాటవు.

అందుకే మారిన బైట్లనే దాచే ఎఫ్ఎల్ఐ యానిమేషన్ ఫైళ్లు దీనికి చక్కగా కుదురుతాయి. కాకపోతే వాటిలో 256 రంగుల ప్యాలెట్ (మనం ఎంచుకున్న రంగుల పట్టీ) ఉంటుంది, ఈ చిప్ ప్యాలెట్‌లో 64 గళ్లే. ముందే పీసీలో 64కు తగ్గించుకోండి, లేకపోతే ముఖాల మీద మచ్చలు పడతాయి.

చిన్న లూపులైతే ఇంకా హాయి. 16 రంగుల్లో 19 ఫ్రేములు వీడియో మెమరీలోనే పడతాయి. ఒక్కసారి ఎక్కించి స్క్రోల్ రిజిస్టర్ (మెమరీలోని ఏ భాగం తెర మీద కనిపించాలో చెప్పేది) మారుస్తూ పోతే నీళ్లలా సాగుతుంది, చూడముచ్చటగా ఉంటుంది!

వరంగల్‌లో తెప్పించుకునేవాళ్లకు ఒక మాట: ఈ మోడ్‌లలో వచ్చేది పాత టీవీల తరహా 15 కిలోహెర్ట్జ్ ఆర్‌జీబీ సిగ్నల్. హనుమకొండలో సెకండ్ హ్యాండ్‌కు దొరికే మామూలు వీజీఏ మానిటర్‌కు నేరుగా తగిలిస్తే బొమ్మ నిలవదు. దాన్ని వీజీఏకు మార్చే కన్వర్టర్ ఖర్చు కూడా కలిపి లెక్కేసుకోండి.