వామ్-2లేయర్స్: వాన నీటి పుట్టుక వెతికే మోడల్

కురిసిన వాన ఏ సముద్రం, ఏ నేల నుంచి ఆవిరైందో వెనక్కి లెక్కగట్టే ఉచిత పైథాన్ మోడల్ ఇది. వాతావరణాన్ని రెండు పొరలుగా విడదీయడమే దీని బలం. నైరుతి కాలంలో మన మీద కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి వీస్తాయి. ఒకే పొరైతే రెండూ కలిసి తేమ దారి తప్పుతుంది.

ఈఆర్ఏ5 (ప్రపంచమంతటి గత వాతావరణ లెక్కలు) డేటా సొంతంగా సిద్ధం చేసుకుంటే జాగ్రత్త: అందులో ఆవిరైన నీరు రుణ గుర్తుతో, మీటర్లలో ఉంటుంది. 0.25 డిగ్రీల గడి (లెక్క కోసం భూమిని విడదీసే ఒక్కో చదరం) భూమధ్యరేఖ దగ్గర సుమారు 28 కిలోమీటర్లు, 60 డిగ్రీల అక్షాంశంలో తూర్పు పడమరలుగా 14 మాత్రమే. సెకనుకు 30 మీటర్ల గాలి 10 నిమిషాల్లో 18 కిలోమీటర్లు పోతుంది, అంటే ఆ 14 కిలోమీటర్ల గడిని ఒకే అడుగులో దాటేస్తుంది, లెక్క అక్కడే చెడుతుంది. కాలపు అడుగు (ఒక్కో లెక్కకు మధ్య సమయం) తగ్గించండి. తెలంగాణ వాన వెతికేటప్పుడు లెక్కగట్టే ప్రాంతపు హద్దుల్లో దక్షిణ హిందూ మహాసముద్రం ఉండి తీరాలి.

ప్రతి పొరలో తేమ పూర్తిగా కలిసిపోయిందన్న ఊహే దీని బలహీనత. గాలివానల రోజుల ఫలితాన్ని గాలి కణాల దారిని వెంబడించే మరో మోడల్ ఫ్లెక్స్‌పార్ట్‌తో సరిచూడాలి.