పన్నెండో తరగతి పిల్లల ఇంగ్లీషు: బోర్డు మార్కులు, ఐఈఎల్‌టీఎస్, కేంబ్రిడ్జ్ – ఏది మేలు?

"మేడం, మావాడికి ఇంగ్లీషు నిజంగా ఎంత వచ్చు? ఒకసారి ఐఈఎల్‌టీఎస్ రాయించి చూద్దామా?" బెంగళూరు మారతహళ్ళిలో నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే పిల్లల తల్లిదండ్రుల్లో ఈ ఏడాది ఈ మాట అడగనివాళ్ళు తక్కువ. ఐఈఎల్‌టీఎస్ అంటే విదేశాల్లో చదువుకు వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష. కుందలహళ్ళి, వర్తూరు వైపు ఉండే మన తెలుగు కుటుంబాల్లో పిల్లలు ఇంట్లో తెలుగు, ఆటల్లో హిందీ, స్కూల్లో కన్నడ, ఇంగ్లీషు మాట్లాడుతూ పెరుగుతారు. వింటే ఇంగ్లీషు గడగడా వచ్చేసినట్టే ఉంటుంది. పన్నెండుకొచ్చి ప్రీ-బోర్డు పేపరు చేతికొచ్చాక అమ్మానాన్నలకు అనుమానం మొదలవుతుంది. అప్పుడు నాకు ఫోన్ చేస్తారు.

ఈసారి ఆ ప్రశ్న మా ఇంట్లోనే వచ్చింది. మా పెద్దబ్బాయి ఇక్కడ సీబీఎస్‌ఈలో పన్నెండు చదువుతున్నాడు. అనంతపురంలో మా అక్క కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. ఇద్దరికీ ఏ పరీక్ష పెట్టించాలో తేల్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఫీజు ఎంత, సర్టిఫికెట్ ఎక్కడ చెల్లుతుంది అనే లెక్కలు ముఖ్యమే. కానీ నేను ప్రతి పరీక్షనూ ముందుగా ఒక ప్రశ్న వేసి చూస్తాను: దీన్ని అప్పజెప్పి గట్టెక్కొచ్చా? మన పిల్లలకు చిన్నప్పటి నుంచి అప్పజెప్పడం అలవాటు. పద్యం అప్పజెప్పినట్టే ఇంగ్లీషు జవాబూ అప్పజెబుతారు. ముందే తయారుచేసుకున్న మాటలతో నెగ్గగలిగే పరీక్ష పిల్లల జ్ఞాపకశక్తిని చూపిస్తుందేమో కానీ, వాళ్ళ ఇంగ్లీషును చూపించదు.

ముందు బోర్డు పరీక్ష. సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి ఇంగ్లీషు కోర్‌లో రాతపరీక్ష 80 మార్కులకు, స్కూల్లో ఇచ్చేవి 20. ఆ 80లో చదివి అర్థం చేసుకోవడానికి 22, రాయడానికి 18, పాఠాలకు 40. ఆ 22 మార్కుల భాగాన్ని నేను గట్టిగా నమ్ముతాను. ఎప్పుడూ చూడని వ్యాసం ఇస్తారు, కూర్చుని చదివి అర్థం చేసుకోవాల్సిందే. చిక్కంతా మిగతా రెండు భాగాల్లో ఉంది. నోటీసు, ఆహ్వానం, ఉత్తరం, వ్యాసం, ఏది తీసుకున్నా ఒక అచ్చు ఉంటుంది. 4 మార్కుల నోటీసులో ఒక మార్కు ఫార్మాట్‌కే పోతుంది. పాఠాల మీద ప్రశ్నలకు గైడ్లలో జవాబులు సిద్ధంగా ఉంటాయి. కథలు, కవితలు చదివించడం తప్పని నేను అనను. నాకు ఇంగ్లీషు మీద ఇష్టం కలిగిందే పాఠాల వల్ల. కానీ 40కి 36 తెచ్చుకున్న పిల్ల ఆ కథ గురించి నాలుగు వాక్యాలు సొంతంగా చెప్పలేకపోవడం ఏటా చూస్తున్నాను.

ఇక ఆ 20 మార్కులు. చాలామంది తల్లిదండ్రులకు ఇవి ఉన్నాయన్న సంగతే తెలియదు. వినడానికి 5, మాట్లాడటానికి 5, ప్రాజెక్టుకి 10. అంటే మాట్లాడే పరీక్ష బోర్డు చదువులోనే, పైసా ఖర్చు లేకుండా ఉంది. స్కూళ్ళలో ఈ వినడం, మాట్లాడటం పరీక్షను ఏఎస్‌ఎల్ అంటారు. నా దగ్గరికి వచ్చే ఒక అబ్బాయి వాళ్ళ స్కూల్లో ఏం జరిగిందో చెప్పాడు. టీచర్ వారం ముందే టాపిక్ ఇచ్చారు. క్లాసులో అందరూ ఇంటర్నెట్‌లో దొరికిన ఒకే పేరాను కొద్దిగా మార్చి అప్పజెప్పారు. అందరికీ 5కి 5 పడ్డాయి. ఆ టీచర్‌ని నేను తప్పుపట్టను. నలభై మంది పిల్లలు, ఒక్క పీరియడ్, నెత్తిమీద సిలబస్ ఉన్నప్పుడు ఎవరైనా అదే చేస్తారు. కానీ ఆ 5 మార్కులు చూసుకుని ఇంటివాళ్ళు మావాడికి మాట్లాడటం వచ్చని నమ్మేస్తారు. నాకు బాధ కలిగించేది అది.

తెలంగాణలో 2023-24 నుంచి ఇంటర్ మొదటి సంవత్సరం ఇంగ్లీషుకు 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టారు. ఆ ఆలోచన నాకు నచ్చింది. అక్కడైనా ఇక్కడైనా ఆ కొద్ది నిమిషాలు పిల్లల చేత ఏం మాట్లాడిస్తారన్న దాని మీదే అంతా ఉంటుంది.

ఐఈఎల్‌టీఎస్ సంగతి మనవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రతి వీధిలో ఏదో ఒక కోచింగ్ బోర్డు కనిపిస్తుంది. దీని గొప్పతనం రెండు విషయాల్లో ఉంది. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం, నాలుగింటికీ విడివిడిగా బ్యాండ్, అంటే స్కోరు ఇస్తుంది. కాబట్టి ఒకదాని బలం ఇంకోదాని లోపాన్ని కప్పేయదు. రెండోది, మాట్లాడేటప్పుడు వినేది మనిషే. ఎదురుగా కూర్చునో, వీడియో కాల్‌లోనో 11 నుంచి 14 నిమిషాలు మాట్లాడిస్తారు. మధ్యలో ఒక కార్డు ఇచ్చి, ఒక నిమిషం ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల దాకా మాట్లాడమంటారు. ఆ కార్డుల జాబితాలు పట్టుకుని పిల్లలు బట్టీ పడతారు. కానీ ఆ తర్వాతి నాలుగైదు నిమిషాల్లో ఎగ్జామినర్ 'ఎందుకలా అనుకుంటున్నావు?', 'మీ నాన్నగారి తరంలో ఇది ఎలా ఉండేది?' అని లోతుకు వెళతారు. బట్టీ అక్కడ బయటపడుతుంది.

యాస గురించి చాలామంది భయపడతారు. 'ఇయర్', 'యియర్' ఒకేలా పలుకుతాడని, 'వి'కీ 'డబ్ల్యూ'కీ తేడా చూపించడని అడుగుతుంటారు. చెప్పేది తేలిగ్గా అర్థమవుతుంటే తెలుగు యాస ఉన్నందుకే మార్కులు పోవు. దీనికి టెన్షన్ పడొద్దు.

అయినా ఐఈఎల్‌టీఎస్ 'రాయించి చూద్దాం' అనేవాళ్ళకు నేను వద్దనే చెబుతున్నాను. ఫీజే పదిహేను వేలు దాటుతుంది. స్కోరు రెండేళ్ళే చెల్లుతుంది. మనవాళ్ళలో ఎక్కువమంది ప్లాన్ ఇక్కడ బీటెక్, ఆ తర్వాత ఎంఎస్. పన్నెండులో తెచ్చుకున్న స్కోరు పిల్ల బీటెక్ రెండో ఏడు ముగిసేసరికే పనికిరాకుండా పోతుంది. పన్నెండు అవగానే విదేశాల్లో డిగ్రీలో చేరేవాళ్ళకైతే ఇదే సరైనది, అందులో నాకు రెండో మాట లేదు.

నాకు బాగా నచ్చింది కేంబ్రిడ్జ్ వాళ్ళ బీ2 ఫస్ట్ ఫర్ స్కూల్స్. మన దగ్గర దీని పేరు విన్నవాళ్ళు తక్కువ. యూరప్‌లో భాషా స్థాయిలను ఏ1 నుంచి సీ2 దాకా ఆరుగా లెక్కేస్తారు కదా, అందులో బీ2 నాలుగోది. పన్నెండో తరగతిలో ఉండి ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలకు సరిపోయే మెట్టు. స్కోరు 160 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే బీ2 వచ్చినట్టు. 140 నుంచి 159 మధ్యలో ఆగితే బీ1 సర్టిఫికెట్ ఇస్తారు, చేసిన శ్రమ వృథా కాదు. సర్టిఫికెట్‌కు గడువు లేదు. ఏదైనా యూనివర్సిటీ ఈమధ్య రాసిందే కావాలని అడగొచ్చు, అది వాళ్ళ ఇష్టం.

నన్ను కట్టిపడేసింది దీని మాట్లాడే పరీక్ష. ఇద్దరు పిల్లల్ని కలిపి కూర్చోబెడతారు. ఎగ్జామినర్లు కూడా ఇద్దరు. ఒకరు మాట్లాడిస్తారు, ఇంకొకరు పక్కన కూర్చుని విని మార్కులు వేస్తారు. మొత్తం 14 నిమిషాలు. అందులో నాలుగు నిమిషాల ఒక భాగంలో ఒక ప్రశ్న, దాని చుట్టూ ఐదు ఆలోచనలు ఉన్న కాగితం ఇచ్చి, ఇద్దరూ చర్చించుకుని చివరికి ఒకటి తేల్చమంటారు. ఎదుటివాళ్ళతో ఎలా కలిసి మాట్లాడావన్నదానికి విడిగా మార్కులుంటాయి. పక్కనున్న పిల్ల ఏమంటుందో ముందే ఎవరికీ తెలియదు కాబట్టి దాన్ని ఏ గైడులోంచీ బట్టీ పట్టలేరు. ఆ నాలుగు నిమిషాల కోసమే నేను మిగతా అన్నింటికంటే ఈ పరీక్షను ముందు పెడతాను.

దసరా సెలవులకు మా అక్క కూతురు వచ్చినప్పుడు ఇదే పద్ధతిలో ఇంట్లో చేసి చూశాను. డైనింగ్ టేబుల్ దగ్గర ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, కాగితం ఇచ్చాను. అపార్ట్‌మెంట్లో నీళ్ళ ట్యాంకర్ల ఖర్చు తగ్గించాలంటే ఏం చేయాలన్నది ప్రశ్న. ఇంటింటికీ మీటర్లు, వాననీటి గుంత, ఆర్వో నుంచి వదిలేసే నీళ్ళు వాడుకోవడం, కార్లు కడగడం మానేయడం, కుళాయిలకు నీళ్ళు తక్కువగా వచ్చే బిళ్ళలు బిగించడం అని ఐదు రాశాను. 2024 ఎండాకాలంలో ఇక్కడ బోర్లు ఎండిపోయి ట్యాంకర్ కోసం ఎదురుచూసిన రోజులు మావాడికి బాగా గుర్తు. అనంతపురం పిల్లకు నీళ్ళ కష్టం గురించి ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

రెండు నిమిషాల్లో దాదాపు అంతా మావాడే మాట్లాడాడు. 'బేసిక్‌గా', 'లైక్', 'యు నో' అంటూ ఎక్కడా ఆగకుండా. పాప రెండుసార్లు వాక్యం మొదలుపెడితే రెండుసార్లూ వాడే పూర్తిచేశాడు. మూడోసారి తను తడుముకుంటూనే, నెమ్మదిగా, "మీటర్లు పెట్టాలంటే మొదట డబ్బు ఎవరు పెట్టాలి? అద్దెకున్నవాళ్ళా, ఓనర్లా?" అని ఇంగ్లీషులో అడిగింది. వాడు ఆగిపోయాడు. 'ఓనర్స్... లైక్... డిపెండ్స్' అని వదిలేశాడు. ఎందుకో చెప్పలేకపోయాడు, తిరిగి ఒక్క ప్రశ్నా వేయలేదు. తర్వాత అదే విషయం మీద అసోసియేషన్‌కు 150 పదాల ఉత్తరం రాయమన్నాను. పాప ఉత్తరం ముత్యాల్లా ఉంది, 'ఐ యామ్ హావింగ్ ఎ డౌట్' లాంటివి రెండు మూడు తప్ప. మావాడి ఉత్తరంలో పేరాలు లేవు, ఫుల్‌స్టాపులు లేవు, 'నౌ ఓన్లీ' అని మన 'ఇప్పుడే'ని అలాగే దింపేశాడు.

చుట్టాల్లో అందరూ మావాడికి ఇంగ్లీషు బాగా వచ్చని, పాపకు రాదని అంటారు. పాప కూడా అదే నమ్మింది. "పిన్నీ, నాకు మాట్లాడటం రాదు" అనేది. ఆ రికార్డింగ్ వినిపించాక ముందు మాట్లాడింది మావాడే: "అమ్మా, నేను తన మాట అస్సలు వినలేదు కదా" అన్నాడు. ఏ మార్కుల కాగితమూ వాడికి ఆ సంగతి చెప్పి ఉండేది కాదు.

మిగతావాటి గురించి ఎక్కువ చెప్పను. ఐఈఎల్‌టీఎస్ లాంటివే అయిన టోఫెల్‌లో, పీటీఈలో హెడ్‌ఫోన్ పెట్టుకుని మైకులోకి మాట్లాడాలి, ఎదురుగా మనిషి ఉండరు. డుయొలింగో పరీక్ష ఇంట్లో కూర్చుని సుమారు గంటలో అయిపోతుంది, రెండు రోజుల్లో ఫలితం వస్తుంది, ఖర్చు తక్కువ. అడిగిన కాలేజీ దాన్ని ఒప్పుకుంటే రాయండి. ఇక్కడి సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్ల కోసం రాసే సీయూఈటీలో ఇంగ్లీషు అంతా ఆప్షన్లు ఎంచుకోవడమే. ఆంధ్రలో 2023లో ప్రభుత్వ బడుల్లో 3 నుంచి 9 తరగతులకు టోఫెల్ ప్రైమరీ, జూనియర్ కోసం ఒప్పందం చేసుకున్నప్పుడు మా ఊరివాళ్ళు చాలామంది అడిగారు. టోఫెల్ జూనియర్ మామూలు పరీక్షలో వినడం, చదవడం, వ్యాకరణం మాత్రమే ఉంటాయి, మాట్లాడే భాగం లేదు.

మేం తేల్చుకున్నది ఇది. మావాడు బోర్డు పరీక్షలయ్యాక బీ2 ఫస్ట్ ఫర్ స్కూల్స్ రాస్తాడు. దాని తేదీలు ఐఈఎల్‌టీఎస్ అంత తరచుగా ఉండవు కాబట్టి సెంటర్‌కు ముందే ఫోన్ చేసి పెట్టుకున్నాను. పాప ఇప్పుడేమీ రాయదు. బీటెక్ మూడో ఏడు అయ్యాక ఐఈఎల్‌టీఎస్ రాస్తుంది. అప్పటిదాకా ప్రతి రెండో ఆదివారం వీడియో కాల్‌లో ఇద్దరూ ఒక కాగితం ముందు పెట్టుకుని మాట్లాడుకుంటున్నారు. మావాడికి నేను పెట్టిన షరతు ఒక్కటే, పాపను కనీసం మూడు ప్రశ్నలు అడగాలి.

డబ్బు పెట్టలేనివాళ్ళు స్కూల్లో ఏఎస్‌ఎల్ జరగక ముందే ఇంగ్లీషు టీచర్‌ను కలవండి. పిల్లల్ని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, టాపిక్ అక్కడికక్కడే చీటీ తీసి ఇవ్వమని అడగండి. జంటకు నాలుగు నిమిషాలైతే నలభై మందికి ఎనభై నిమిషాలు, రెండు పీరియడ్లు చాలు. మా దగ్గర ఒక టీచర్ ఈ ఏడాది అలా చేయడానికి ఒప్పుకున్నారు.