సొంత డొమైన్ ఎక్స్‌టెన్షన్ ఇప్పిస్తామంటే ముందు ఇది చదవండి: హనుమకొండలో మా 34 మందికి జరిగిన మోసం

మా గ్రూపులో 34 మందిమి. తలా 7,000 రూపాయలు వేసుకుని మొత్తం 2,38,000 కట్టాం. మా కమ్యూనిటీకి ఇంటర్నెట్‌లో సొంత ఎక్స్‌టెన్షన్, అంటే డాట్ కామ్, డాట్ ఇన్ లాగా 'డాట్ ఓరుగల్లు' వస్తుందని చెప్పి తీసుకున్నారు. అది రాలేదు. వచ్చే అవకాశమే లేదని ఇప్పుడు తెలిసింది. ఇదే మాట పట్టుకుని కరీంనగర్‌లో, నిజామాబాద్‌లో కూడా కాలేజీ గ్రూపుల దగ్గరికి వెళ్తున్నారని విన్నాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ఆ సంస్థ పేరు, మనిషి పేరు రాయడం లేదు.

మేమెవరమో ముందు చెప్తాను. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో చదువుకునేవాళ్ళం, చిన్న చిన్న ఉద్యోగాలు చేసుకునేవాళ్ళం. ఆదివారం పొద్దున నక్కలగుట్టలో ఒక మిత్రుడి కోచింగ్ సెంటర్ ఖాళీగా ఉంటే అక్కడ కూర్చుని బ్లాక్‌చెయిన్ నేర్చుకుంటాం. చాలా కంప్యూటర్లలో ఒకేసారి ఉంటూ, ఒకసారి రాసింది మార్చడం దాదాపు కుదరని ఖాతా పుస్తకం లాంటిది అది. కాయిన్లు కొనడం, అమ్మడం మా పని కాదు. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి ఏ ఊరిది, ఏ రోజు వచ్చింది, ఎవరి చేతులు మారింది అనే రికార్డును ఎవరూ దిద్దలేకుండా పెట్టాలన్నది మా చిన్న ప్రాజెక్టు. మాలో ఇద్దరు మిర్చి రైతుల పిల్లలు. ఒకతను వాళ్ళ అమ్మ చిట్టీ ఎత్తిన డబ్బులోంచి తన వాటా తెచ్చాడు. ఆ సంగతి గుర్తొస్తే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు, ఎందుకంటే డబ్బు వసూలు చేసింది నేనే.

సంక్రాంతి అయ్యాక ఒక తెలిసినాయన ద్వారా హైదరాబాద్ నుంచి ఒక కన్సల్టెంట్ వచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "అన్నా, డాట్ కామ్‌లో మీరు కిరాయికి ఉన్నట్టు. ఏడాదికోసారి కిరాయి కట్టాలె. ఎక్స్‌టెన్షనే మీదైతే ఇల్లే మీది, మీరే కిరాయికిస్తరు" అన్నాడు. ప్రపంచంలో డొమైన్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ అనే సంస్థ 2012 తర్వాత మళ్ళీ ఇప్పుడే కొత్త ఎక్స్‌టెన్షన్లకు దరఖాస్తులు తీసుకుంటోందని, కమ్యూనిటీలకు ప్రాధాన్యం ఉందని, ఫీజులో 85 శాతం దాకా తగ్గింపు ఉందని చెప్పాడు. ఇథీరియం అనే పెద్ద బ్లాక్‌చెయిన్ వాళ్ళకు డాట్ ఈటీహెచ్ ఇచ్చారు కదా అని ఉదాహరణ కూడా చూపించాడు.

అతను చెప్పినవాటిలో సగం నిజాలు. మేము పడిపోయింది ఆ సగం దగ్గరే. ఇంటికొచ్చి వెతికితే ఐకాన్ ఉంది, కొత్త రౌండ్ ఉంది, తగ్గింపు పథకం ఉంది. నిజమే అనుకున్నాం. ఇంకో పది నిమిషాలు చదివి ఉంటే మిగతా సగం కూడా తెలిసేది.

మొదట 50,000 'పేరు రిజర్వేషన్' అన్నారు. తర్వాత 1,20,000 'ఐకాన్ ఫైలింగ్' అన్నారు. ఫిబ్రవరి రెండో వారంలో దరఖాస్తు అందిందంటూ నంబరు, సీలుతో ఒక పీడీఎఫ్ పంపారు. ఆ రోజు గ్రూపులో అందరం సంబరపడ్డాం. చివర్లో 68,000 'రూట్ లిస్టింగ్' ఖర్చు అన్నారు. మార్చిలో "మీ ఎక్స్‌టెన్షన్ లైవ్ అయింది" అని మెసేజ్ వచ్చింది. వాళ్ళు చెప్పినట్టు లాప్‌టాప్ బ్రౌజర్‌లో ఒక ప్లగిన్, అంటే అదనంగా కలుపుకునే చిన్న ప్రోగ్రాం, వేసుకుని తెరిస్తే నిజంగానే మా పేజీ తెరుచుకుంది.

ఆ లింకు జగిత్యాలలో ఉండే మా అక్కకు పంపాను. "తమ్మీ, ఏదో గూగుల్‌ల వెతికినట్టు వస్తున్నది, నీ పేజీ ఏది?" అని అడిగింది. ఇంకో పది మందిని అడిగితే పది మందికీ అంతే. పరకాల నుంచి వచ్చే చిన్న తమ్ముడొకడు మొదటి మీటింగులోనే "ఇది మామూలు ఫోన్ల తెరుచుకుంటదా అన్నా?" అని అడిగాడు. కన్సల్టెంట్ ముందు పరువు పోతుందని నేనే వాణ్ణి ఆపాను. అడగాల్సిన ప్రశ్న అదొక్కటే.

ఆ తర్వాత కూర్చుని తెలుసుకున్నది చెప్తాను.

మన ఫోన్‌లో ఏ వెబ్‌సైట్ పేరు కొట్టినా, దాని చివరి భాగం ఎవరి చేతిలో ఉందో చెప్పేది రూట్ జోన్ అనే ఒకే జాబితా. ఆ జాబితాలో లేని ఎక్స్‌టెన్షన్ మామూలు బ్రౌజర్‌కు, మెయిల్‌కు లేనట్టే లెక్క. జాబితాను, దాన్ని చూసుకునే ఐకాన్ విభాగం అయానా వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. డాట్ ఇన్ ఉంటుంది, తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా ఉంటుంది. డాట్ ఈటీహెచ్ ఉండదు. అది ఇథీరియం నేమ్ సర్వీస్ అనే వ్యవస్థ 2017 నుంచి తన బ్లాక్‌చెయిన్ మీద నడుపుతున్న పేర్ల పద్ధతి, ఐకాన్ ఇచ్చింది కాదు. పైగా ఈటీహెచ్ అనేది ఇథియోపియా దేశానికి ఉన్న మూడక్షరాల కోడ్. దేశాల మూడక్షరాల కోడ్‌లను 2012 రౌండ్ నిబంధనలు ఎవరికీ ఇవ్వనివ్వలేదు. అంటే మాకు చూపించిన ఉదాహరణే తప్పు.

మాకు అమ్మింది కూడా అలాంటిదే, ఒక బ్లాక్‌చెయిన్ మీద రాసిన టోకెన్, అంటే ఈ పేరు ఫలానావాళ్ళదని చెప్పే డిజిటల్ నమోదు. అది ఆ చెయిన్‌ను చదవగలిగే వాలెట్లకు (క్రిప్టో కాయిన్లు పెట్టుకునే యాప్‌లకు), ప్లగిన్లకు, బ్రేవ్ లాంటి కొన్ని బ్రౌజర్లకు మాత్రమే కనిపించే రకం. దాని మీద మెయిల్ నడవదు. మామూలు బ్రౌజర్లు నమ్మే భద్రతా సర్టిఫికెట్ రాదు. ఇంకొకరు వేరే చెయిన్ మీద ఇదే పేరు సృష్టించుకుని అమ్ముకుంటే ఆపే దారి కూడా లేదు. ఇది ఊహించి చెప్తున్న భయం కాదు. 2022లో అన్‌స్టాపబుల్ డొమైన్స్ సంస్థ తన డాట్ కాయిన్ పేర్ల అమ్మకం ఆపేసింది. ఎమర్‌కాయిన్ అనే చెయిన్ అంతకు చాలా ముందు నుంచే డాట్ కాయిన్ వాడుతోందని తేలడమే కారణం. బ్లాక్‌చెయిన్ పేర్లు మోసం అని నేను అనడం లేదు. వాలెట్ అడ్రసుకు గుర్తుండే పేరుగా అవి పనికొస్తాయి. కానీ దాన్ని దానిగానే అమ్మాలి, ఇంటర్నెట్ ఎక్స్‌టెన్షన్ అని చెప్పి అమ్మకూడదు.

ఇక ఐకాన్ దరఖాస్తు సంగతి. 2012లో ఒక్కో దరఖాస్తుకు 1,85,000 డాలర్లు తీసుకున్నారు. అప్పుడు 1,930 దరఖాస్తులు వచ్చాయి. ఈ రౌండ్‌లో ఫీజు 2,27,000 డాలర్లు, మన డబ్బుల్లో దాదాపు రెండు కోట్లు. 85 శాతం తగ్గించినా 34,000 డాలర్లు, అంటే 30 లక్షల దాకా అవుతుంది. మేము కట్టింది అందులో పదో వంతు కూడా కాదు. ఈ చిన్న లెక్క 34 మందిలో ఒక్కరమూ వేయలేదు. ఆ తగ్గింపు పథకానికి విడిగా దరఖాస్తు చేసుకోవాలి, దాని గడువు 2025లోనే ముగిసింది. పేరు చేతికొచ్చాక కూడా రిజిస్ట్రీ, అంటే ఆ ఎక్స్‌టెన్షన్ కింది పేర్ల పట్టిక, నడిపే ఒప్పందం కింద ఏటా కనీసం 25,000 డాలర్లు ఐకాన్‌కు కట్టాలి, సాంకేతికంగా నడిపేవాళ్ళకు ఇచ్చేది వేరే. వ్యక్తుల నుంచి దరఖాస్తులు తీసుకోరు, రిజిస్టరైన సంస్థే అయి ఉండాలి. మాది రిజిస్టర్ కూడా కాని వాట్సాప్ గ్రూపు. ఏ సంస్థ పేరు మీద దరఖాస్తు వేస్తారో ఆ కన్సల్టెంట్ ఒక్కసారి కూడా అడగలేదు. ఆ అడగకపోవడాన్నే మేము అనుమానించి ఉండాల్సింది.

కమ్యూనిటీకి ప్రాధాన్యం అన్నమాట కూడా మాకు అర్థమైనట్టు కాదు. ఒకే పేరు కోసం ఇద్దరు ముగ్గురు పోటీ పడినప్పుడు మాత్రమే అది లెక్కకొస్తుంది. 2012 రౌండ్‌లో దానికి 16 మార్కులకు 14 రావాలి. డాట్ రేడియో, డాట్ ఎకో లాంటి కొన్నే ఆ పరీక్ష దాటాయి. ఇంకొకటి, ఊరి పేరును ఆ ఊరి కోసమే వాడతామంటే అక్కడి ప్రభుత్వం నుంచి సమ్మతి పత్రం జతచేయాలి. ఓరుగల్లు పేరు పెట్టుకుంటూ మేము మునిసిపల్ కార్పొరేషన్ గడప తొక్కలేదు, తొక్కమని అతనూ చెప్పలేదు.

అన్నిటికంటే పెద్ద రుజువు తేదీ. ఐకాన్ ప్రకటించిన దరఖాస్తుల గడువు 2026 ఏప్రిల్ 30 నుంచి ఆగస్టు 12 వరకు. మాకు దరఖాస్తు అందిందని పీడీఎఫ్ వచ్చింది ఫిబ్రవరిలో. తలుపే తెరవని ఆఫీసు నుంచి రెండున్నర నెలల ముందే రసీదు వచ్చిందన్నమాట! ఇది గమనించిన రోజు నాకు చేతులు వణికాయి.

ఫోన్ చేస్తే మొదట "ప్రాసెస్‌లో ఉంది సార్" అన్నారు. తర్వాత "మేము బ్లాక్‌చెయిన్ డొమైన్ అనే చెప్పాం, మీరే తప్పుగా అర్థం చేసుకున్నారు" అన్నారు. అదృష్టం కొద్దీ వాట్సాప్ మాటలు, 'ఐకాన్ ఫైలింగ్' అని రాసిన బిల్లు మా దగ్గర ఉన్నాయి. ఇప్పుడు నంబరు బ్లాక్ చేశారు.

సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాం. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు కూడా నమోదు చేశాం. డబ్బు వెళ్ళిన వెంటనే చెప్తే అవతలి ఖాతాలో ఆపే అవకాశం ఎక్కువని అక్కడ చెప్పారు. మేము చివరి వాయిదా కట్టిన ఏడు వారాలకు చెప్పాం. మీకు అనుమానం వచ్చిన గంటలోనే ఫోన్ చేయండి. గ్రూపులో చర్చించుకుని, అవతలివాళ్ళకు ఇంకో ఛాన్స్ ఇద్దామని మాలాగా రోజులు పోగొట్టుకోకండి.

ఎవరైనా మీ దగ్గరికి ఇలాంటి మాటతో వస్తే, దరఖాస్తు ఏ సంస్థ పేరు మీద వేస్తారో, ఫీజు ఐకాన్‌కు ఏ ఖాతా నుంచి వెళ్తుందో కాగితం మీద రాసివ్వమనండి. వాళ్ళు ఇంతకుముందు ఇప్పించామని చెప్పే ఎక్స్‌టెన్షన్‌ను అయానా జాబితాలో మీ కళ్ళ ముందే చూపించమనండి. అందులో లేకపోతే మాట అక్కడితో ఆపేయండి. లింకు తెరిచి చూపిస్తే వాళ్ళ లాప్‌టాప్‌లో చూడకండి, ఇంట్లో అమ్మ ఫోన్‌లో తెరిచి చూడండి.

మాకు నిజంగా కావాల్సింది ఎంత తక్కువలో వచ్చేదో తెలిశాక ఇంకా బాధేసింది. ఏడాదికి కొన్ని వందల రూపాయలకు ఒక డాట్ ఇన్ పేరు తీసుకుంటే, దాని కింద 34 మందికీ, ప్రతి మిర్చి లాట్‌కూ విడి పేర్లు మనమే పెట్టుకోవచ్చు. వాటికి మళ్ళీ పైసా ఇవ్వక్కర్లేదు. బ్లాక్‌చెయిన్ కూడా కావాలంటే మామూలు డొమైన్‌ను ఇథీరియం నేమ్ సర్వీస్‌కు కలుపుకునే దారి ఉంది. గత వారం డాట్ ఇన్ పేరు తీసుకున్నాం. అక్క ఫోన్‌లో మొదటిసారికే తెరుచుకుంది.

చిట్టీ డబ్బు తెచ్చిన తమ్ముడి 7,000 నా జీతంలోంచి ఇచ్చేశాను. మిగతావాళ్ళకు నెలకు ఇద్దరి చొప్పున ఇస్తానని చెప్పాను. వద్దంటున్నారు కానీ ఇస్తాను. శనివారం మళ్ళీ సైబర్ క్రైమ్ పోలీసుల దగ్గరికి బిల్లులు పట్టుకుని వెళ్తున్నాం. మీ దగ్గర కూడా ఫిబ్రవరి, మార్చి తేదీలతో ఇలాంటి రసీదు పీడీఎఫ్ ఉంటే చాట్ డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, మీ ఊళ్ళోనే ఫిర్యాదు ఇవ్వండి. ఇవ్వగానే ఇక్కడ ఒక మాట రాయండి, మా ఫిర్యాదు నంబరు మీకు పంపిస్తాను.