గ్రూపు అడ్మిన్ అధికారం: ఆరేళ్లు కింద, రెండేళ్లు పైన ఉండి చూశాక

ఈ వస్తువును నేను కొనలేదు. 2023 జూలై 28, శుక్రవారం పొద్దున మా కాలనీ రిటైర్డ్ హెడ్మాస్టర్ సారు తన ఇంటి అరుగు మీద కూర్చుని నా నెత్తిన పెట్టారు. "నువ్వే చూస్కో పో, మస్తు మాట్లాడుతున్నవ్ గదా" అని ఫోన్ తీసి నా పేరు మీద వేలు అదిమి పట్టారు. అంతే, నేను కూడా మా కాలనీ వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్‌ని. దానికి ముందు ఆరేళ్లు ఇదే గ్రూపులో మామూలు మెంబర్‌ని. మధ్యలో ఒకసారి బయటికి గెంటించుకున్నాను కూడా. మిక్సీలకూ ఫోన్లకూ రివ్యూలు రాస్తారు కదా, నేను దీనికి రాస్తున్నాను.

నాది హన్మకొండ అదాలత్ దగ్గర జిరాక్స్ షాపు. ఇల్లు హంటర్ రోడ్డు వైపు. వాన గట్టిగా పడిందంటే మా గల్లీవాళ్లు ముందు చూసేది ఆకాశాన్ని కాదు, నాలాను. అందుకే మా గ్రూపులో గుడ్ మార్నింగ్‌ల కంటే మోరీ ఫొటోలే ఎక్కువ. 2017లో మొదలుపెట్టినప్పుడు 256 మంది దాటితే చేర్చుకునే వీలు లేక రెండో గ్రూపు పెట్టుకున్నాం. 2022లో పరిమితి 512కు, ఆ ఏడాది చివర్లో 1,024కు పెరిగాక రెండూ కలిపేశాం. కలిపిన రోజు నుంచే లొల్లి కూడా డబుల్ అయింది.

నన్ను గెంటింది 2020 ఆగస్టు వానల్లో. ఆ నెల నగరంలో చాలా కాలనీలు మునిగాయి, నాలాల మీద కట్టిన కట్టడాలను కూలగొట్టాలని పెద్ద చర్చ నడిచింది. మా గల్లీ చివర నాలా మీదికి జరిగిన ఒక రేకుల షెడ్డు ఫొటో పెట్టి, "నీళ్లు ఎటు పోతయ్?" అని రాశాను. షెడ్డు సారుకు దగ్గరి చుట్టానిది. పావుగంటకు నా ఫోన్‌లో, మీరు ఇప్పుడు ఈ గ్రూపులో లేరు కాబట్టి మెసేజ్ పంపలేరు అని వచ్చింది. ఫొటో మాత్రం గ్రూపులోనే ఉంది! అప్పట్లో అడ్మిన్‌కు ఇంకొకరి మెసేజ్‌ను తీసేసే మీటే లేదు, అది 2022లో వచ్చింది. మెసేజ్‌ను తీయలేడు కాబట్టి మనిషిని తీసేశాడు. పదకొండు రోజుల తర్వాత ఎవరో నడుమ పడి మళ్లీ కలిపించారు. ఎందుకు తీశారో సారు చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగి ఉండాల్సింది.

2022లో డిలీట్ మీట వచ్చినప్పుడు మనుషులను తీసేయడం తగ్గుతుందని సంతోషపడ్డాను. తగ్గింది కూడా. ఆ మీట పని తీరు మీకు తెలిసిందే: మెసేజ్ మాయమై, దాని స్థానంలో ఫలానా అడ్మిన్ తొలగించాడు అని ఒక గీత మిగులుతుంది. ఎవరు తీశారో కనపడుతుంది, అది మంచిదే. ఏం తీశారో కనపడదు. ఎందుకు తీశారో రాయడానికి అక్కడ చోటే లేదు. ఈ చివరి ముక్క ఎంత పెద్దదో నాకు తెలిసింది 2023 జూలైలో.

27 గురువారం. పొద్దటి నుంచి కుండపోత. రాత్రి ఒంటి గంట దాటాక, మా గల్లీలో ఆటో నడిపే తమ్ముడు ఒక మెసేజ్ పెట్టాడు: "భద్రకాళి చెరువు కట్ట తెగింది, అందరూ పారిపోండి." పైన రెండు బాణాల గుర్తు, అంటే చాలాసార్లు చేతులు మారి వచ్చిన సరుకు. పది నిమిషాల్లో గల్లీలో పిల్లల ఏడుపులు, బైకుల స్టార్టింగులు. సారు దాన్ని డిలీట్ చేశారు. తప్పు లేదు, కట్ట అప్పటికి బాగానే ఉంది. అక్కడితో ఆగితే ఈ రివ్యూ ఇంకోలా ఉండేది. ఆయన భయపడి, అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా గ్రూపుకు తాళం వేసేసి పడుకున్నారు.

రెండున్నరకు నాకు ఫోన్. వెనక లైన్‌లో ఉండే అక్క. "తమ్మీ, గ్రూపుల రాస్తే పోతలేదు. నీళ్లు మంచం కాళ్ల దాకా వచ్చినయ్. అత్తమ్మ లేవలేని మనిషి గదా, ఎట్ల?" నేనూ ఇంకో ఇద్దరం ముసలమ్మను కుర్చీలో కూర్చోబెట్టి పక్కింటి మేడ మీదికి ఎక్కించాం. మోకాలి లోతు నీళ్లలో కుర్చీ మోస్తూ నేను అనుకున్నది ఒక్కటే, నా నంబర్ ఆమె దగ్గర లేకపోతే? పుకారు ఒకడు పెట్టాడని నాలుగు వందల మంది నోరు మూయించడం ఎక్కడి న్యాయం? పొద్దున సారు అరుగు మీద ఇదే అడిగాను. అట్లా దొరికింది ఈ పదవి.

ఇప్పుడు నా ప్రతాపం వినండి. శనివారం, 29వ తేదీ. కరెంటు వచ్చీ రాక, ఫోన్‌లో చార్జింగ్ ఉండీ లేక ఉన్నాను. అదే ఆటో తమ్ముడు మళ్లీ: "భద్రకాళి కట్టకు గండి పడ్డది, పోతననగర్ సైడు." ఇతనికి బుద్ధి రాదా అనుకున్నాను. వేలు పెట్టాను, తీసేశాను. పదవి వచ్చి ఇరవై నాలుగు గంటలు కూడా నిండినట్టు లేదు.

ఆ రోజు పోతననగర్ వైపు కట్టకు నిజంగానే గండి పడింది. తమ్ముడు అటునుంచి వస్తూ కళ్లారా చూసి, ఆటో పక్కకు ఆపి స్వయంగా టైపు చేశాడు. మెసేజ్ మీద బాణం గుర్తు లేదు. గురువారం దానికీ శనివారం దానికీ ఉన్న తేడా ఆ ఒక్క గుర్తే, నేను చూడలేదు. పంపినవాడి పేరు చూశాను, మొదటి రెండు మాటలు చూశాను, చాలనుకున్నాను.

ఆ తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. నా పేరుతో ఆ గీత కనపడగానే గ్రూపులో సగం మంది "ఏదో దాస్తున్నరు, నిజమే అయి ఉంటది" అని సామాన్లు సర్దారు. మిగతా సగం "అడ్మిన్ తీసిండంటే ఉత్తదే" అని తలుపులు వేసుకుని కూర్చున్నారు. నేను ఒక్క ముక్క రాయలేదు కాబట్టి ఎవరికి తోచిన కారణం వాళ్లు రాసుకున్నారు. పుకారును ఆపుదామని మీట నొక్కితే, నా మీట నుంచే రెండు పుకార్లు పుట్టాయి. సాయంత్రం తమ్ముడు షాపు దగ్గరికి వచ్చి గట్టిగా ఏమీ అనలేదు. "అన్నా, మొన్న తప్పు పెట్టిన, ఒప్పుకుంట. ఇయ్యాల్ల ఒక్క ఫోన్ చెయ్యకపోతివా?" అన్నాడు. చాయ్ తాగమంటే తాగలేదు.

నాకు వాక్ స్వాతంత్ర్యం మీద మొదటి పాఠం చెప్పింది షాపుకు వచ్చే ఒక వకీల్ సాబ్. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ప్రకారం మా మాట తీసేసే హక్కు అడ్మిన్‌కు లేదని 2020లో ఆయన ముందు ఆవేశపడ్డాను. ఆయన నవ్వి, "ఆ హక్కు నువ్వు సర్కారు మీద వాడాలె. మీ సారు సర్కారు కాదు" అన్నారు. సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను కొట్టేసింది కూడా ప్రజల మాట మీద సర్కారు కేసులు పెట్టే అధికారం గురించే. ఆ బెంచీలో జస్టిస్ నారిమన్‌తో పాటు మన తెలుగువారు జస్టిస్ చలమేశ్వర్ ఉన్నారు. కాలనీ గ్రూపులో నా మాట తీసేస్తే పోయి చెప్పుకోవడానికి రాజ్యాంగం లేదు, సారు ఇంటి అరుగే ఉంది.

సారు అంత తొందరగా ఎందుకు తీసేస్తారో కూడా ఆ వకీల్ సాబ్ వల్లే అర్థమైంది. గ్రూపులో ఎవరు తప్పు రాసినా అడ్మిన్‌ను జైల్లో వేస్తారని ఏళ్ల తరబడి ఫార్వర్డులు తిరిగాయి, సారు వాటిని నమ్మారు. పెన్షన్ మీద బతికే మనిషి, భయపడరా? అయితే బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో, మెంబర్ పెట్టినదానికి అడ్మిన్ అయిన పాపానికే నేరస్థుడు కాడని చెప్పాయి. వేరే రాష్ట్రాల హైకోర్టులే అనుకోండి, ఇక్కడ కూడా వాటి మాటకు బరువుంది. కేరళ తీర్పు కాపీలు తీస్తున్నప్పుడు వకీల్ సాబ్‌ను అడిగి ఒక సెట్టు ఎక్కువ తీసుకుని సారుకు ఇచ్చాను. ఆయన ఎర్ర పెన్నుతో పరీక్ష పేపర్ దిద్దినట్టు గీతలు కొట్టి చదివారు. ఆ తర్వాత డిలీట్లు తగ్గించారు, నా వాదన వల్ల కాదు గానీ ఆ కాగితాల వల్ల.

పెద్ద సైట్లకు మాత్రం సర్కారు కొన్ని నిబంధనలు పెట్టింది. 2021 ఫిబ్రవరి 25 నాటి ఐటీ రూల్స్ ప్రకారం, దేశంలో 50 లక్షలకు మించి యూజర్లున్న సోషల్ మీడియా సైటు తనంతట తాను ఒకరి పోస్టును తీసేస్తే కారణం చెప్పాలి, వాదించుకునే అవకాశం ఇవ్వాలి. ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో అందిందని చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలని అప్పట్లో ఉండేది. అప్పటికీ తృప్తి లేకపోతే 2022 అక్టోబర్ సవరణతో వచ్చిన అప్పీలు కమిటీలకు 30 రోజుల్లో పోవచ్చు. కాగితం మీద బాగుంది. నా సంగతి చెప్తాను: ఒక మే నెల మధ్యాహ్నం ఒక పెద్ద సైటులో "ఎండ సంపుతున్నది, చెరువుల వడి సావాలె అనిపిస్తున్నది" అని రాశాను. ఓరుగల్లులో ఇది వాతావరణ వార్త. సైటు నన్ను ఆత్మహత్య చేసుకోబోతున్నవాడిగా లెక్కగట్టి పోస్టు తీసేసి, సహాయం కావాలా అని అడిగింది. అప్పీలు చేస్తే మూడో రోజు పోస్టు తిరిగి వచ్చింది, ఒక్క మాట లేకుండా. మా ఆవిడ ఇప్పటికీ ఎండాకాలం వస్తే "చూసి రాయి" అంటుంది.

ఆ రూల్స్ మా సారుకూ నాకూ వర్తించవు. కానీ చెప్పి తీయాలి, ఎందుకో చెప్పాలి, ఎదుటివాడు చెప్పేది వినాలి అనేవి నచ్చాయి. గండి సంగతి జరిగిన వారానికి షాపులోంచి రెండు వందల పేజీల నోటుబుక్కు తెచ్చి గీతలు కొట్టాను: తేదీ, టైము, ఎవరిది, ఏముంది, ఎందుకు తీశాను. తీసేముందు ఆ మెసేజ్‌ను నాకే ఫార్వర్డ్ చేసుకుంటాను, లేకపోతే తర్వాత రుజువు ఉండదు. తీసిన వెంటనే గ్రూపులో ఒక్క లైను కారణం రాస్తాను. పోస్టు పెట్టినవాళ్లు కాదంటే నా ఒక్కడి మాట నడవదు, ముగ్గురు అడ్మిన్లలో ఇంకొకరు చూసి తేలుస్తారు.

మొదటి నెల 23 ఎంట్రీలు. రెండో నెల 9. గ్రూపు మారిపోయిందనుకునేరు, మారలేదు. ప్రతిసారీ పుస్తకం తీసి రాయాలంటే నాకు బద్ధకం. వేలు మీట దాకా పోయి, 'ఎందుకు' అనే గడిలో ఏం రాయాలో తోచక వెనక్కి వచ్చేది. 2023 నవంబర్ ఎన్నికలప్పుడు "రాజకీయం" అని రాసి కిరాణా షాపు తమ్ముడి పోస్టు ఒకటి తీశాను. ఆయన రాసింది మా గల్లీ సీసీ రోడ్డు ఎప్పుడు వేస్తారని. ఇంకో అడ్మిన్ చూసి, అది రాజకీయం కాదు రోడ్డు అన్నాడు. మళ్లీ పెట్టించాం. అయినా ఆయన నా దగ్గర జిరాక్స్ తీసుకోవడం మానేశాడు.

అన్నీ బయట పెట్టడమూ కుదరదు. మొదట్లో నెలకోసారి మొత్తం పట్టీ గ్రూపులో పెట్టేవాణ్ని, పేర్లతో సహా. ఒకాయన తాగి రాత్రి ఒంటి గంటకు పెట్టిన వాయిస్ మెసేజ్ గురించి "బూతులు" అని రాస్తే, పొద్దున ఆయన భార్య మా ఇంటికి వచ్చి ఏడ్చింది. అప్పటి నుంచి పేర్లు పుస్తకంలోనే, గ్రూపులో కారణాలు మాత్రమే. ఒకసారి ఒక అమ్మాయి ఫొటో ఎవరో పెడితే తీసేసి, దాని గురించి ఎక్కడా ఏమీ రాయలేదు, పుస్తకంలో కూడా.

మిగతావి కూడా వాడాను, టూకీగా చెప్తాను. టెలిగ్రామ్‌లో అడ్మిన్లు చేసిన పనుల చిట్టా 48 గంటలు ఉంటుంది, తీసేసిన మెసేజ్‌తో సహా. కానీ అడ్మిన్లకే కనపడుతుంది. పైగా అడ్మిన్ తన పేరు దాచుకుని గ్రూపు పేరుతో రాయవచ్చు, అది నాకు నచ్చదు. ఫేస్‌బుక్ గ్రూపుల్లో పోస్టును తిప్పి పంపేటప్పుడు కారణం రాసే వీలుంది, రాసే అడ్మిన్ నాకింకా తగలలేదు. అన్నింటికంటే నచ్చింది తెలుగు వికీపీడియా. 2003 నుంచి ఉంది. అక్కడ కాజీపేట గురించి నేను చేర్చిన రెండు వాక్యాలను ఎవరో తీసేశారు. 'చరిత్ర' నొక్కితే ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నీ ఉన్నాయి: ఆధారం లేదట. నిజమే, నా దగ్గర లేదు. నా పాత వాక్యాలు ఇప్పటికీ ఆ చరిత్రలో చదువుకోవచ్చు. పేజీ మొత్తం తీసేసినా తొలగింపుల చిట్టాలో ఆ సంగతి మిగులుతుంది. వాళ్లు గొడవలు తేల్చుకునే చోటు పేరు రచ్చబండ. కోపం రాలేదు, ఆశ్చర్యం ఏమిటంటే.

మార్కులు అడిగితే, వాట్సాప్ అడ్మిన్ పనిముట్లకు ఐదుకు మూడు. కారణం రాసే ఒక్క గడి పెడితే నాలుగు. మా గ్రూపుకు నేనిచ్చేది రెండున్నర, ఎందుకంటే ముగ్గురు అడ్మిన్లలో పుస్తకం రాసేది నేనొక్కణ్నే. సారు రాయరు, "నోటి మాట చాలదా" అంటారు. నాలా మీది షెడ్డు ఇంకా అక్కడే ఉంది, దాని ఫొటోలు మాత్రం ఇప్పుడు ఎవరూ తీసేయడం లేదు.

మొన్న కొత్తగా అద్దెకు దిగిన పిలగాడు "అంకుల్, ఆ పుస్తకం ఫొటో పెట్టండి, నమ్ముతా" అన్నాడు. పేర్ల మీద కాగితం ముక్క కప్పి ఫొటో తీసి పెట్టాను. ముప్పై ఏళ్లుగా జిరాక్స్ తీయడమే గానీ రాసింది లేదు, నా చేతిరాత ఎవరికీ అర్థం కాలేదు. ఆటో తమ్ముడే "అన్నా, టైపు చేసి పెట్టు" అని రాశాడు. చాలా రోజుల తర్వాత అతను నాతో గ్రూపులో మాట్లాడిన మాట అది.