ఓరుగల్లులో ఒక్క రోజు: రామప్ప వైపా, కోట వైపా? ఏది మేలు?

హనుమకొండలో హోమ్‌స్టే తీసుకున్నవాళ్లకు మొదటి రాత్రే ఈ చర్చ వస్తుంది. రేపు రామప్పకు పోదామా, ఊళ్లోనే కోట, వేయిస్తంభాల గుడి చూసుకుందామా? ఇంటివాళ్లను అడిగితే చాలామంది "ఒక్క రోజులో రెండూ అయిపోతాయి" అంటారు. అయిపోతాయి, కానీ రెండోచోటికి చేరేసరికి కాళ్లు, ఓపిక రెండూ అయిపోతాయి. ఒకటే ఎంచుకోండి. ఏది అనేది మీరు పొద్దున ఎన్నింటికి గడప దాటగలరు అన్నదాన్ని బట్టి తేలుతుంది.

రామప్ప వైపు

రామప్ప గుడి ఉన్న పాలంపేట హనుమకొండకు సుమారు 65 కి.మీ. ఆత్మకూరు, ములుగు మీదుగా జాతీయ రహదారి, జంగాలపల్లి దగ్గర మలుపు. కారులో గంటన్నర చాలు. హోమ్‌స్టేలో టిఫిన్ ఎనిమిదిన్నరకు పెడతారు, తిని, కబుర్లాడి బయల్దేరితే గుడి దగ్గరికి పదకొండు. ఈ యాత్ర చెడేది ఇక్కడే. చెప్పులు విప్పి ఎత్తైన పీఠం మీద గుడి చుట్టూ నడవాలి. మార్చి దాటాక ఆ వేళకు రాయి కాలుతుంది. పిల్లలు పరుగెత్తుకెళ్లి మంటపం నీడలో కూర్చుంటారు, పెద్దవాళ్లు బయటి గోడ చూడకుండానే వెనక్కి తిరుగుతారు. అందుకే ముందురోజు రాత్రే ఇంటివాళ్లకు చెప్పి ఇడ్లీయో ఉప్మాయో పొట్లం కట్టించుకుని ఆరింటికి బయల్దేరండి. పలచటి సాక్సులు సంచిలో వేసుకోండి.

తొందరగా వెళ్లినందుకు ఫలితం ఉంది. గుడి తూర్పు ముఖం, పొద్దుటి ఎండ నేరుగా మంటపంలోకి పడుతుంది. నున్నగా మెరుగుపెట్టిన నల్లరాతి స్తంభాల మీది నగిషీ ఆ వెలుతురులోనే విడివిడిగా కనిపిస్తుంది. గైడ్లు నీళ్లలో తేలే ఇటుక గురించి ఎక్కువసేపు చెబుతారు. శిఖరం బరువు తగ్గించడానికి వాడిన ఆ ఇటుకలు విశేషమే, కానీ అవి పైన ఉంటాయి, మీకు కనబడేది తక్కువ. మీ సమయం చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికలకు, అంటే స్త్రీ శిల్పాలకు ఇవ్వండి. ఎత్తుమడమల చెప్పులేసుకున్న వేటగత్తె, చీర లాగే కోతిని అదిలిస్తున్న అమ్మాయి, పాములు చుట్టుకున్న నాగిని అందరికీ నచ్చేవి. లోపలి నాట్యభంగిమలను కాకతీయుల సేనాని జాయప రాసిన నాట్యగ్రంథం 'నృత్తరత్నావళి'తో పోల్చి చూస్తారు. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టే పనిలో ఈ శిల్పాలనూ ఆధారం చేసుకున్నారు. ఇంట్లో నాట్యం నేర్చుకునే పిల్ల ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు, రామప్పే.

గుడికి గంటన్నర పెట్టుకోండి. చెరువు దగ్గర్లోనే ఉంది, పొట్లం అక్కడ విప్పుకోవచ్చు. తర్వాత లక్నవరం చెరువు కలపాలా? పిల్లలుంటే కలపండి, వేలాడే వంతెన, పడవ వాళ్లకు గుడికన్నా నచ్చుతాయి. ఇంకో 30 కి.మీ. పైమాటే, మొత్తం తిరుగుడు 170 కి.మీ. దాటుతుంది. గాలివాన ఉంటే పడవలు ఆపేస్తారు, కాబట్టి ముందే మాటిచ్చేయకండి. శిల్పం కోసమే వచ్చినవాళ్లకు లక్నవరంకన్నా దగ్గర్లోని గణపురం కోటగుళ్లు మేలు. శిథిలమైనవే, జనం తక్కువ.

బండి మాట్లాడేటప్పుడు జాగ్రత్త. ఎనిమిది గంటలు, 80 కి.మీ. అనే లోకల్ ప్యాకేజీ ఇక్కడ చాలదు, అదనపు కిలోమీటర్లకు చివర్లో లెక్క పెరుగుతుంది. దూరప్రయాణం రేటు ముందే మాట్లాడుకోండి. బస్సులో అయితే హనుమకొండ నుంచి ములుగు దాకా తేలిక, అక్కడి నుంచి పాలంపేటకు బస్సులు పలచన, ఆటోవాడితో వెయిటింగ్‌తో కలిపి బేరమాడాలి. ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బులక్కర్లేదు, కాని తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు ఉండాలి. విజయవాడ నుంచి వచ్చిన చుట్టాలకు అది వర్తించదు.

రెండు సందర్భాల్లో ఈ దారి మానండి. ఒకటి, భారీ వానలు. దారిలోని కటాక్షపూర్ చెరువు మత్తడి పోసి రోడ్డు మీదికి వస్తే రాకపోకలు ఆగిపోతాయి. రెండోది మేడారం జాతర. రెండేళ్లకోసారి, మాఘమాసంలో. 2026లో జరిగింది, తర్వాతిది 2028. జాతర జనం పోయేదీ ఈ రహదారి మీదే, రద్దీ ముందు వారాల నుంచే మొదలవుతుంది.

కోట వైపు

ఇది సగం రోజు పని, పైగా ఆలస్యంగా లేచేవాళ్లకు అనుకూలం. టిఫిన్ ఇంట్లో తిని, ఎండ ఎక్కువైతే భోజనమూ చేసి, మూడున్నరకు బయల్దేరినా సరిపోతుంది. కోట ఒకేచోట ఉండదు, లోపల ఇళ్లూ పొలాలూ ఉన్నాయి. నాలుగు కీర్తి తోరణాల ఆవరణ, ఖుష్ మహల్, ఏకశిల గుట్ట విడివిడిగా ఉంటాయి. ఆటోను పంపేయకుండా ఉంచుకోండి. తోరణాల దగ్గర టికెట్ ఉంటుంది, పదిహేనేళ్ల లోపు పిల్లలకు అక్కర్లేదు. ఇక్కడ గైడ్ తప్పనిసరి అంటాం. చెప్పేవాళ్లు లేకపోతే తోరణాల మధ్యనున్నది స్వయంభూ శివాలయమని తెలియక, రాళ్లగుట్టలనుకుని ఫోటో దిగి వచ్చేస్తారు. రామప్పకు ఆ ఇబ్బంది లేదు, అక్కడ శిల్పం తనే మాట్లాడుతుంది.

భద్రకాళి గుడి మధ్యాహ్నం మూసేస్తారు, సాయంత్రం పెట్టుకోండి. కొత్తవాడలో దరీలు (నేత తివాచీలు) నేస్తారు. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగ్గం ఆడుతుండగా చూడాలంటే ముందురోజే ఇంటివాళ్ల చేత కబురు పెట్టించండి. బతుకమ్మ రోజుల్లో వస్తే మాత్రం ఈ పోలికే అనవసరం. మొదటి రోజైన ఎంగిలిపూల నాటి సాయంత్రం వేయిస్తంభాల గుడి దగ్గర ఉండండి, రామప్ప మరో ఏడాది చూసుకోవచ్చు.

మా తీర్పు

మోకాళ్ల నొప్పులున్న పెద్దలు, సాయంత్రం కాజీపేటలో రైలున్నవాళ్లు, ఆరింటికి లేవలేనివాళ్లు ఊళ్లోనే ఉండటం మేలు. మిగతా అందరికీ రామప్ప. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని కాదు. కోట చూడ్డానికి మళ్లీ ఎప్పుడైనా హైదరాబాద్ నుంచి పొద్దున వచ్చి రాత్రికి పోవచ్చు. రామప్పను చల్లటి పూట చూడాలంటే దగ్గర్లో రాత్రి బస ఉండాలి, అది మీకిప్పుడు ఉంది.

ఒక్క చిన్న సర్దుబాటు. హైదరాబాద్ నుంచి 145 కి.మీ., మధ్యాహ్నానికి దిగుతారు. ఆ సాయంత్రం గదిలో పడుకోకుండా వేయిస్తంభాల గుడికి ఒక గంట ఇవ్వండి. ఊరి మధ్యలోనే ఉంది, 2024లో తిరిగి తెరిచిన కల్యాణ మంటపమూ చూడొచ్చు. వేయిస్తంభాల గుడి 1163 నాటిది, రామప్ప 1213 నాటిది. యాభై ఏళ్లలో కాకతీయ శిల్పి చెయ్యి ఎంత తిరిగిందో మర్నాడు పొద్దున మీకే తెలుస్తుంది. వరుస తిరగేసి రామప్ప ముందు చూస్తే వేయిస్తంభాల గుడి చప్పగా అనిపిస్తుంది.