దాచిన పాపం ఎవరికి చెప్పాలి? దేవుడికి మాత్రమేనా, పాస్టర్ గారికా, ఒక అన్నకా?

నెల మొదటి ఆదివారం దగ్గర పడిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. ప్రభు బల్ల, అంటే యేసును తలచుకుని రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన ఉంటుంది కదా, అందుకు. ప్రతి మనిషీ తన్ను తాను పరీక్షించుకుని ఆ రొట్టె తినాలని పౌలు కొరింథీయులకు రాసిన మాట బల్ల దగ్గర చదువుతారు కాబట్టి, నెలంతా పక్కన పెట్టిన సంగతి ఆ వారంలోనే గుచ్చుకుంటుంది. "అన్నా, దేవుని దగ్గర ఒప్పుకున్న, ఇంకెవరికీ చెప్పలే, సరిపోతదా?" అని కల్వకుర్తి నుంచి ఒకరు, దేవరకొండ నుంచి ఒకరు, పనికోసం పుణెలో ఉన్న మక్తల్ పిల్లగాడు ఒకడు. ప్రశ్న అందరిదీ ఒక్కటే, పాపాలే వేరు. ఫోన్లో బూతు వీడియోలు, చాటుగా తాగడం, రమ్మీ అప్పులు, స్త్రీల సమాజం చిట్టీ డబ్బులు, ఇంకొకరి భార్యతో రాత్రిపూట మెసేజ్‌లు. విడివిడిగా చెప్పీ చెప్పీ అలసిపోయాను కాబట్టి ఒకేసారి రాస్తున్నా. పాపమంటే ఏమిటి, రక్తంలో కడగబడటమంటే ఏమిటి అనేవాటిలోకి పోను, ఇది చదివేవాళ్ళకు అవి సండే స్కూల్ నాటి నుంచి తెలిసినవే.

ముందు దేవుడితో మాత్రమే చెప్పుకోవడం. మన పాపాలు ఒప్పుకుంటే ఆయన నమ్మదగినవాడు, క్షమిస్తాడు అని మొదటి యోహాను 1:9 చెబుతుంది, అక్కడ మధ్యలో ఇంకో మనిషి లేడు. క్షమాపణ విషయంలో దీన్ని తక్కువ చేసేవాళ్ళతో నేను ఒప్పుకోను. మనసులో వచ్చి పోయే ప్రతి చెడ్డ ఆలోచననూ ఎవరో ఒకరికి చెప్పాలని తిరిగేవాళ్ళు కొందరుంటారు, వాళ్ళకు మోకాళ్ళ మీద చెప్పుకుంటే చాలు, అక్కడితో వదిలేయమంటాను. కానీ నాకు ఫోన్ చేసేవాళ్ళ సంగతి అది కాదు. మూడేళ్ళుగా, ఐదేళ్ళుగా అబద్ధాల మీద అబద్ధాలు చెప్పి కాపాడుకుంటూ వచ్చిన పాపం అది. దాన్ని దాచింది ఎవరి దగ్గర? దేవుడి దగ్గర ఎవరూ ఏదీ దాచలేదు, రాత్రి పన్నెండింటికి దుప్పటి కింద ఫోన్ వెలుగు ఆయనకు కనబడుతూనే ఉంది. దాచింది భార్య దగ్గర, పాస్టర్ దగ్గర, ఆదివారం పక్కన కూర్చుని "అన్న ప్రార్థన చేస్తే ఎంత బాగుంటదో" అనే తమ్ముడి దగ్గర. దేవుడికి ఒక్కడికే చెబితే పాపం సంగతి తేలుతుంది, వేషధారణ సంగతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది, వచ్చే నెల మొదటి ఆదివారానికి మళ్ళీ అదే ఒప్పుకోలు, అవే కన్నీళ్ళు.

దావీదు రాజును చూపించి వాదిస్తారు కొందరు, నీకే విరోధంగా పాపం చేశానని 51వ కీర్తనలో దేవుడితోనే అన్నాడు కదా అని. ఆ కీర్తన పైన ఏముందో చూడండి, నాతాను ప్రవక్త వచ్చిన తర్వాత రాసింది అని ఉంటుంది. బత్షెబ కోసం ఆమె భర్త ఊరియాను చంపించాడు, ఆమెను ఇంటికి తెచ్చుకున్నాడు, బిడ్డ కూడా పుట్టింది, అంతవరకూ రాజుగారు నోరు విప్పలేదు. ఒక మనిషి ఎదురుగా నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాకనే బయటపడింది.

సరే, మనిషికే చెప్పాలి. అయితే పాస్టర్ గారికా? చాలామంది మొదట అనుకునేది ఇదే, అందులో న్యాయం కూడా ఉంది. మందకు కాపరి ఆయన, వాక్యం తెలుసు, రహస్యాలు వినడం ఆయన పనిలో భాగం. పాత మిషన్ సంఘాల్లో దీనికో పద్ధతి ఉంటుంది. 1890 ప్రాంతంలో రష్యా నుంచి ఏబ్రహాం ఫ్రీసెన్ నల్గొండకు వచ్చినప్పటి నుంచి బాప్టిస్టులు, మెన్నొనైట్ బ్రదరన్ వాళ్ళు ఈ వైపు కట్టిన సంఘాల్లో గానీ, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో గానీ పాస్టర్ పైన ఇంకొకరు ఉంటారు, కమిటీ ఉంటుంది, కొన్నాళ్ళు బల్లకు ఆపినా మళ్ళీ చేర్చుకునే దారి ఉంటుంది. రేకుల షెడ్డులో సొంతంగా నడిచే సంఘంలో ఆయన పైన ఎవరూ లేరు, ఆయన మంచివాడైతే మీ అదృష్టం. ఇంకో చిక్కు మన ఊళ్ళలో మరీ ఎక్కువ. సంఘంలో సగం మంది చుట్టాలే. పాస్టరమ్మ మీకు వరసకు మేనత్త అవుతుంది, సంఘ పెద్ద మీ బావమరిది అవుతాడు. అయ్యగారు ఎవరితోనూ అనకపోయినా వచ్చే ఆదివారం ప్రసంగంలో "మన మధ్యనే ఒక సహోదరుడు..." అని మొదలుపెడితే మధ్యాహ్నం కూర ఉడికే లోపల ఊరంతా లెక్క కడుతుంది. ఆడవాళ్ళైతే మగ పాస్టర్‌తో తలుపు వేసుకుని ఒంటరిగా ఇలాంటివి మాట్లాడొద్దు, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. ఒప్పుకోలులో చెప్పిన మాటలను పట్టుకుని ఒక స్త్రీని లొంగదీసుకున్నారన్న ఆరోపణ కేరళలో కొందరు ప్రీస్టుల మీద వచ్చి, 2018లో జాతీయ మహిళా కమిషన్ దాకా వెళ్ళింది. వయసులో పెద్ద విశ్వాసురాలు ఒకామెను చూసుకోండి.

క్యాథలిక్కులకు పాపసంకీర్తనం, అంటే ప్రీస్టు దగ్గర పాపాలు ఒప్పుకోవడం ఎలాగూ ఉంది, 1215లో వాళ్ళ బిషప్పులు కూడిన లాటరన్ సభ నుంచి ఏడాదికి ఒక్కసారైనా తప్పనిసరి. ప్రీస్టు రహస్యం బయటపెట్టకూడదన్న నియమం చాలా కఠినం, ఆ విషయంలో మనకంటే వాళ్ళే నయం. టీవీ చానెల్ ప్రేయర్ లైన్‌కు ఫోన్ చేసి చెప్పడమంటారా, ముఖం తెలియనివాళ్ళకు చెప్పడం తేలిక, అందుకే దాని వల్ల పెద్దగా ఏమీ జరగదు.

సంఘం ముందు నిలబడి సాక్ష్యంలో చెప్పేయడం ఇంకొకటి. ఉజ్జీవ కాలాల్లో, అంటే జనంలో భక్తి ఒక్కసారిగా ఉప్పొంగిన రోజుల్లో ఇది జరిగింది, 1905లో ఖాసీ కొండల్లో, పండిత రమాబాయి ముక్తి మిషన్‌లో జనం నిలబడి ఏడుస్తూ పాపాలు ఒప్పుకున్నారు. కూటాల్లో ఆ ఊపు వస్తే ఎవరూ ఆపలేరు, ఆపమని నేను అననూ అనను. కానీ ఉపవాస ప్రార్థన మూడో రోజు మైకు చేతికొస్తే ఆవేశంలో చెప్పేసి, తెల్లారి ముఖం చూపించలేక సంఘమే మార్చినవాళ్ళున్నారు. దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. పదేళ్ళ కిందటి పాపాన్ని రంగులేసి చెప్పి చప్పట్లు అందుకుంటూ, నిన్నటి పాపాన్ని జేబులో పెట్టుకోవడం. ఒప్పుకోలే వేషం అయిపోతుంది అక్కడ. బహిరంగంగా చేసిన పాపమైతే బహిరంగంగా ఒప్పుకోవాలి, మత్తయి 18లో కూడా ముందు ఒకరు, తర్వాత ఇద్దరు ముగ్గురు, చివరికే సంఘం.

ఇక భార్యకో భర్తకో చెప్పడం. దీన్ని ఇష్టముంటే ఎంచుకునే దారిగా చూడటమే తప్పు. పాపం ఆమెకు విరోధంగా చేసిందైతే ఆమెకు తెలియాలి, ఎప్పుడు, ఎలా అన్నదే మిగిలిన ప్రశ్న. కడుపులో మంట దించుకోవడానికి అర్ధరాత్రి లేపి అంతా కుమ్మరించేసి మీరు హాయిగా పడుకోవడం ఒప్పుకోలు కాదు. ముందు ఒక పెద్దమనిషితో మాట్లాడి, ఆమె పక్కన ఎవరు ఉండాలో చూసి, అప్పుడు చెప్పండి. పరాయి సంబంధం అయితే మొదట జిల్లా ఆస్పత్రి ఐసీటీసీ సెంటర్లో హెచ్ఐవీ పరీక్ష చేయించుకోండి, ఉచితం, వివరాలు బయటపెట్టరు, సందేహాలకు 1097 నంబరుంది. "ప్రార్థన చేసుకున్నా, ఏం కాదు" అనే మాట ఆమె ఆరోగ్యం దగ్గర చెల్లదు.

నేను మొగ్గేది ఒకే ఒక్క నమ్మకమైన విశ్వాసి వైపు, మగవాళ్ళకు మగవాడు, ఆడవాళ్ళకు ఆడమనిషి. యాకోబు 5:16 అన్నది అదే, మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి. ఎందుకంటే నా లెక్కలో దీన్ని తేల్చేది ఒక్కటే: వచ్చే వారం మిమ్మల్ని మళ్ళీ అడిగేది ఎవరు? పాస్టర్ గారికి నూట యాభై మంది విశ్వాసులు, పెళ్ళిళ్ళు, చావులు, ఆస్పత్రి ప్రార్థనలు, మీరు చెప్పింది ఆయన మర్చిపోవచ్చు, గుర్తున్నా మొహమాటంతో అడగకపోవచ్చు. సంఘమంతటికీ చెబితే అందరూ గుసగుసలాడతారు, ఒక్కరూ ముఖం మీద అడగరు. ఒక్కడికి చెప్పి "ప్రతి శనివారం రాత్రి నన్ను అడుగు, నేను దాటవేస్తే మళ్ళీ అడుగు" అని వాడికి హక్కు ఇస్తే పరిస్థితి మారుతుంది. మంగళవారం రాత్రి ఫోన్ చేతిలోకి తీసుకున్నప్పుడే శనివారం గుర్తొస్తుంది.

ఇది నేను కనిపెట్టింది కాదు. మెథడిస్టు సంఘాలకు మూలపురుషుడైన జాన్ వెస్లీ 1738లో చిన్న గుంపులకు నియమాలు రాశాడు, వారానికోసారి కూడుకోవాలి, ఒకరినొకరు అడగాలి. కిందటిసారి కలిసినప్పటి నుంచి తెలిసి ఏ పాపం చేశావు, ఏ శోధనలు వచ్చాయి, ఎలా తప్పించుకున్నావు, దాచిపెట్టాలనుకుంటున్నది ఏమన్నా ఉందా. వెస్లియన్ మిషన్ నుంచి వచ్చిన మెదక్ డయాసిస్ సంఘాలకు ఇది సొంత ఆస్తి. ఇప్పుడు మన గృహకూటాల్లో అడిగే ప్రశ్న "ప్రార్థన అంశాలేమన్నా ఉన్నాయా?" ఒక్కటే, దానికి అందరూ ఆరోగ్యం, పిల్లల ఉద్యోగం, ఇల్లు కట్టుబడి అని చెప్పి లేస్తారు.

అడిగేవాళ్ళు లేకపోతే ఎక్కడిదాకా పోతుందో రవి జకరయాస్ సంగతిలో లోకమంతా చూసింది. మద్రాసులో పుట్టి ప్రపంచమంతా తిరిగి వాక్యం చెప్పిన మనిషి. బతికుండగా 2017లో ఒక ఆరోపణ వస్తే సంస్థ ఆయన మాటే నమ్మింది, 2020లో ఆయన చనిపోయాక, 2021 ఫిబ్రవరిలో ఆ సంస్థే వేయించిన విచారణ నివేదిక ఏళ్ళ తరబడి సాగిన లైంగిక దుష్ప్రవర్తనను బయటపెట్టింది. సేవకులకు నేను చెప్పేదీ ఇదే, మీకు ఒకడు ఉండాలి, అది కూడా మీ జీతమో కానుకో మీద ఆధారపడనివాడు, వేరే ఊరి సేవకుడైతే ఇంకా మంచిది.

పాలమూరు వైపు నుంచి వలసపోయేవాళ్ళకు ఇది మరీ అవసరం. ఊళ్ళో ఉన్నన్నాళ్ళు సంఘంలో డప్పు కొట్టి పాటలు పాడే మనిషి, ఆరు నెలలు సైటు దగ్గర రేకుల గుడిసెలో ఎట్లా ఉంటాడో సంఘానికి తెలియదు, రెండు ముఖాలు దానంతటవే తయారవుతాయి. అక్కడ పక్క మంచం మీద పడుకునే మన ఊరి విశ్వాసే సరైనవాడు. పాస్టర్ గారు ఊళ్ళోనే ఉండిపోతారు, ఆయనకు ఫోన్లో "బాగున్నాం అయ్యగారూ, ప్రైజ్ ద లార్డ్" అంటాం, అంతే.

ఎవరిని ఎంచుకోవాలంటే, వేరేవాళ్ళ గుట్టు మీ దగ్గర ఎప్పుడూ విప్పనివాడిని. "ఫలానా వాని సంగతి నీకొక్కనికే చెప్తున్న" అన్నాడంటే రేపు మీ సంగతి కూడా ఇంకొకనికి ఒక్కనికే చెబుతాడు. మీ దగ్గర అప్పు తీసుకున్నవాడు వద్దు, మీరు అప్పు తీసుకున్నవాడు అసలే వద్దు. విని "ఏం కాదులే, అందరూ చేసేదే" అనేవాడి వల్ల లాభం లేదు.

ఈ ఒక్కడితో తీరనివి కూడా ఉన్నాయి. డబ్బు తిన్నది అయితే లెక్క కట్టి తిరిగివ్వాలి, అసలుకు ఐదో వంతు కలిపి ఇవ్వమని సంఖ్యాకాండము 5లో ఉంది, సువార్తలోని పన్నుల అధికారి జక్కయ్య నాలుగంతలన్నాడు. రమ్మీ, బెట్టింగ్ యాప్‌ల మీద తెలంగాణలో 2017లోనే నిషేధం వచ్చినా దొంగదారిలో ఆడుతూనే ఉన్నారు, అలాంటివాళ్ళు ఒప్పుకున్న రోజునే ఫోన్‌పేను ఇంట్లోవాళ్ళ చేతికి ఇవ్వాలి. చిన్నపిల్లల మీద లైంగికంగా చేయి వేసిన సంగతి చెబితే విన్నవాడు రహస్యమని కడుపులో పెట్టుకోకూడదు, 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే అది నేరం. పిల్లల కోసం 1098 ఉంది. ఆ పని ఒప్పుకున్నవాడు సంఘ పెద్దే అయినా సరే, చెప్పాల్సిందే.

కల్లు సంగతి వేరుగా చెప్పాలి. మన మహబూబ్‌నగర్, నల్గొండ వైపు కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మిన కేసులు ఎన్నిసార్లు బయటపడ్డాయో అందరికీ తెలుసు. చాటుగా ఏళ్ళ తరబడి అది తాగిన విశ్వాసి ఒక ఆదివారం ఒప్పుకుని, ఆ పూట నుంచే మానేస్తాడు. రెండు మూడు రోజులకు నిద్ర ఉండదు, చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ కూడా రావచ్చు. దయ్యం పట్టిందని గుడిలో పడుకోబెట్టి తల మీద చేతులుంచి ప్రార్థన చేస్తూ కూర్చుంటారు. అది మత్తుమందు ఒక్కసారిగా ఆపడం వల్ల వచ్చేది, ప్రాణం మీదికి రావచ్చు, జిల్లా ఆస్పత్రిలో చూపించి డాక్టర్ చెప్పినట్టు మెల్లగా మాన్పించాలి. మనసుకు సంబంధించిన సాయానికి టెలిమానస్ 14416 ఉంది. ప్రార్థన ఆస్పత్రి మంచం పక్కన కూడా చేసుకోవచ్చు.

చివరిగా, చెప్పేటప్పుడు "నాకొక బలహీనత ఉంది, ప్రార్థన చెయ్యి అన్నా" అనొద్దు. అది ఒప్పుకోలు కిందికి రాదు, వాడు షుగరనుకుంటాడు. పేరు పెట్టి చెప్పండి, ఎన్నాళ్ళ నుంచో చెప్పండి, కిందటిసారి ఎప్పుడో చెప్పండి, లేచేలోపు మళ్ళీ అడగాల్సిన రోజు ఖాయం చేసుకోండి.