హంగు హోటలుకి, పాట్లు కళాకారులకి

విజయనగరంలో ఒక పెద్ద హోటలు రెన్యువేషన్ ముగించుకుని, ఆ సంబరానికి కళోత్సవం పెట్టింది. పేరెందుకు లెండి, ఈ తప్పులు ఏ హోటలైనా చేసేవే. ఖర్చుకి మాత్రం వెనకాడలేదు. పోర్టికో నుంచి లిఫ్టు దాకా బంతిపూలు, లాన్ మధ్యలో ఐసుతో చెక్కిన హంస, గోడ నిండా సవర గిరిజనులు గీసే బొమ్మలు. ఫోన్ కెమెరాలో పడేవన్నీ అదిరాయి. చెవిన పడాల్సినవే గాలికి పోయాయి.

బొబ్బిలి వీణ కచేరీ లాబీలో, ఫౌంటెన్‌కి ఆనుకుని పెట్టారు. గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి చేసే ఏకాండి వీణ అది. దాని 24 మెట్లూ (తీగని నొక్కి స్వరాలు పలికించే కడ్డీలు) మైనంలో కూర్చునేవే, మైనానికి వేడి పడదు. ఇక్కడ ముఖం మీదకి హేలోజెన్ దీపాలు, నెత్తి మీద ఏసీ. చల్లగాలికి తీగ బిగిసి శ్రుతి పైకి పోతుంది, దీపం వేడికి జారుతుంది. పాపం విద్వాంసుడు కీర్తనకీ కీర్తనకీ మధ్య తీగలు బిగించే బిరడలు తిప్పుతూనే ఉన్నారు. వీణని కనీసం అరగంట ముందు ఆ హాల్లోనే ఉంచి, అక్కడి చల్లదనానికి అలవాటయ్యాక శ్రుతి చెయ్యాలి. దీపాలు ఎల్‌ఈడీవి పెట్టాలి, ఏసీ గాలి వేదిక మీదకి రాకుండా పక్కకి మళ్ళించాలి. మైకు స్టాండు మీద పెడితే ఫౌంటెన్ చప్పుడూ కాఫీ కప్పుల గలగలా ముందు వినపడతాయి, వీణ తర్వాత. తీగలు ఆనే గుర్రం (బ్రిడ్జి) పక్కన పలక మీద అంటించే పికప్, అంటే వీణ ధ్వనినే పట్టే చిన్న మైకు, వాడాలి. అన్నిటికంటే తేలిక పని, ఫౌంటెన్ మోటారు కట్టెయ్యడం. ఎవరికీ తట్టలేదు. 1919లో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారిని దానికి తొలి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన ఊరు ఇది. ఇక్కడ వీణని లిఫ్టులో పాటలా వాడుకుంటే జనం నొచ్చుకోరా మరి?

గుండెకి తప్పెటలు కట్టుకుని వాయిస్తూ ఆడే ఉత్తరాంధ్ర జానపద ఆట తప్పెటగుళ్ళది ఇంకో అవస్థ. బ్యాంకెట్ హాల్లో ఏసీ డక్టులు కనపడకుండా ఫాల్స్ సీలింగ్‌ని 10 అడుగులకి దించారు. ఒకరి భుజాల మీద ఇంకొకరు నిలబడి చెయ్యెత్తితే 11 అడుగులు దాటుతుంది. అంచేత ఆ విన్యాసాలు మానుకోమన్నారు. అవి లేని తప్పెటగుళ్ళు సగం ఆటే. కింద చూస్తే అద్దంలాంటి టైల్స్, చెమట పట్టిన ఉత్తి కాళ్ళు, ఒక కుర్రాడు జారి మోకాలి మీద పడ్డాడు. చుట్టూ గాజు గోడలు కావడంతో తప్పెట దెబ్బ తిరిగి తిరిగి మోగి పాటలో మాట ఒక్కటీ తెలియలేదు. ఈ ఆటకి ఆరుబయట 40 అడుగుల చదరం నేల కావాలి. హాల్లోనే తప్పదంటే ప్లైవుడ్ పరిచి, పైన గోనె పట్టా బిగించి, అంచులు టేపుతో అతికించాలి. లాన్ ఉంది కదా అంటారా? అది ఐసు హంసకి కేటాయించారు. ఉక్కకి హంస మెడ తొమ్మిదింటికల్లా విరిగింది. కింద ట్రే, నీళ్ళు పోయే గొట్టం లేకపోవడంతో గడ్డంతా బురద.

సవర బొమ్మల గోడ దగ్గర కాసేపు ఆగాల్సిందే. ఎర్రటి నేపథ్యం మీద తెల్ల గీతలతో మనుషులు, చెట్లు, సూర్యచంద్రులు, అన్నీ ఒక చదరపు హద్దు లోపల. గీసిన చెయ్యి గట్టిది. ఇళ్ళల్లో అయితే ఎర్రమట్టి పూతపై బియ్యప్పిండితో, దేవుళ్ళకీ పెద్దలకీ మొక్కుగా వేసేవి ఇవి. వాటిని వాష్‌రూమ్ దారిలో పెట్టడం బాగోలేదు. కింద చిత్రకారుడి పేరు లేదు, ఊరు పేరూ లేదు. పైగా కొత్త సిమెంటు ప్లాస్టరింగ్ ఆరకముందే పని కానిచ్చినట్టున్నారు. కుడి మూల అడుగున తెల్లటి ఉప్పు పొంగి రంగు పెళ్ళలు లేస్తోంది. ప్లాస్టరింగ్‌కి 28 రోజులన్నా ఇచ్చి, తడి పోయిందని చూసుకుని, క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వేశాకే రంగు వెయ్యాలి. ఇప్పుడు పైపైన దిద్దితే మళ్ళీ లేస్తుంది, ఆ మేర గీకి మొదటినుంచి వెయ్యాల్సిందే.

బఫేలో పనసపొట్టు కూర అమోఘం, ఆవ ఘాటు సరిగ్గా కుదిరింది. పులిహోర మాత్రం కళాయి (లోపలి తగరం పూత) లేని, బుడితి ఊళ్ళో చేసే ఇత్తడి పాత్రలో పెట్టారు. చింతపండు పులుపు తగిలితే ఇత్తడి కిలుమెక్కుతుంది, ఆ పాత్రలో పులుపు వడ్డించకూడదు. పక్కనే పలాస జీడిపప్పు వేపుడు, దానికి వంక పెట్టలేం.

నెలాఖరు దాకా శనివారాలు కొనసాగిస్తారట. వెళితే వెనక వరండాలో వీణ దండి (మెట్లు కూర్చే పొడుగాటి మెడ) చెక్కి చూపించే బల్ల దగ్గరికి ముందు పోండి. ఉలి పట్టిన ఆయన అడిగినవన్నీ ఓపిగ్గా చెబుతారు. ఏడు దాటితే బఫే వరస అక్కడికే వచ్చి అడ్డం పడుతుంది.